లాగితే వచ్చేదాన్ని

ట్రాక్టరు షోరూం నుంచి వచ్చిన రోజు దానికి పూలదండ వేశారు, టెంకాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. నేను ప్రొద్దుటూరులో ఒక వెల్డింగ్ షెడ్డులో పుట్టి, పెయింటు ఆరీ ఆరకముందే దాని వెనకాల తగులుకొని దువ్వూరు చేరాను. నాకు దండా లేదు, దిష్టీ లేదు. నేను ట్రాలీని. నాలుగు చక్రాలు, కమాను కట్టలు, పైన ఇనుప తొట్టి. ఇంజను లేదు, స్టీరింగు లేదు, నాలాంటి చాలామందికి లేనట్టే నాకూ బ్రేకు లేదు. లాగితే వస్తాను. మోత మాత్రం నాదే.

ట్రాక్టరుకు టైర్లు కంపెనీ వాళ్లే వేసి ఇస్తారు. మాకు ఆ భాగ్యం లేదు. ఇరుసు, తొట్టి చేసి ఇచ్చాక టైర్లు ఎవరికి వాళ్లు చూసుకోవాల్సిందే. అప్పటికి మా రైతు చేతిలో డబ్బు అయిపోయింది. ఎక్కడెక్కడో తిరిగి రీబటన్ చేయించిన పాత టైర్లు తెచ్చాడు. రెండు 9.00-16, రెండు 7.50-16. "లాగేది ట్రాక్టరు కదా, దీనికి ఏదేస్తే ఏమి?" అన్నాడు. రిమ్ము కొలత 16 అంగుళాలే కాబట్టి ఎక్కడం ఎక్కాయి. ఎత్తులో తేడా ఉన్న రెండు టైర్లు ఒకే ఇరుసుకు పడేసరికి నేను పుట్టుకతోనే ఒక పక్కకు ఒరిగి నడిచాను.

మాకంటే ముందు ఈ ఊళ్లో తిరిగినవి ఇనుప పట్టా వేసిన కట్టె చక్రాల బండ్లు. నల్లరేగడిలో గాడి కోసుకుంటూ పోయేవి. తర్వాత వచ్చిన టైరు బండ్ల టైర్ల మీద 'ఏడీవీ' అని ఉంటుంది, పశువులు లాగే బండికి చేసినవని. రిమ్ము 19 అంగుళాలు. ఎద్దుల నడకకు అవి భేషుగ్గా సరిపోతాయి. ట్రాక్టరు వెనకాల రోడ్డెక్కితే కథ వేరు.

నా లెక్క చెబుతాను వినండి. కేసీ కాలువ కింద వరి కోతలప్పుడు నా మీద 80 బస్తాలు వేస్తారు. బస్తా 75 కిలోలు, మొత్తం 6 టన్నులు. నా ఒంటి బరువు ఒకటిన్నర టన్ను. ఏడున్నర టన్నులను నాలుగు చక్రాలకు పంచితే ఒక్కోదానికి 1,875 కిలోలు. ఇది కాగితం లెక్క. కాలువ గట్టు ఒక పక్కకు వాలి ఉంటుంది, మలుపులో బరువంతా బయటి చక్రాల మీదికి తూలుతుంది, గుంతలో పడినప్పుడు ఒక్క టైరే పక్కదాని వాటా కూడా మోస్తుంది. అందుకే టైరు కొనేవాడు సగటు చూసి కొనకూడదు, అన్నిటికంటే చెడ్డ క్షణం చూసి కొనాలి.

జనం చూపు కూడా ఎప్పుడూ తప్పే. వరిగడ్డి కరెంటు తీగలను తాకేంత ఎత్తు వేసుకొని పోతుంటే "అబ్బో, ఎంత మోస్తాందో" అంటారు. అది నాకు బరువే కాదు. ఎర్రగుంట్ల నుంచి కడప బండలు తెచ్చేటప్పుడు తొట్టి సగం కూడా నిండదు. దూరం నుంచి చూస్తే ఖాళీ బండి అనుకుంటారు. కమాన్లు మాత్రం చదునైపోయి ఉంటాయి.

అలా బండలు తెస్తున్న ఒక మే నెల మధ్యాహ్నమే వెనక టైరు పేలింది. పంచరు అంగడి అబ్బాయి వచ్చి చూశాడు. "బటన్ కొత్తదే మామా. పక్కలు ముసలివి. గాలి కూడా తక్కువుండాది" అన్నాడు. గాలి తగ్గితే టైరు పక్కలు ప్రతి చుట్టుకూ వంగి లేస్తాయి. ఆ వంగడంలో వేడి పుడుతుంది. పైన 40 డిగ్రీలు దాటిన ఎండ, కింద కాగిన తారు. ఎంత మందంగా బటన్ వేసినా లోపలి నైలాను పోగులకు వయసు తగ్గదు కదా.

ఆ అబ్బాయే టైరు పక్కన నాలుగంకెలు చూపించాడు: 3211. 2011లో 32వ వారం తయారైందన్నమాట. నాలాంటి దానికి ఇది చాలా ముఖ్యం. కోతలైపోతే నెలల తరబడి కళ్లం పక్కన ఎండలో నిలబడతాను. తిరిగే టైరు అరుగుతుంది, నిలబడే టైరు పగుళ్లిస్తుంది. పగుళ్లు రాకుండా రబ్బరులో కలిపే మైనం, మందులు టైరు తిరుగుతూ వంగుతుంటేనే బాగా పైకి వస్తాయి. నన్ను నిలబెట్టేసి, "ఏం తిరిగింది, బటన్ అట్లే ఉంది కదా" అని మా రైతు మురిసిపోయేవాడు!

అమెరికాలో ఉన్న ఆయన కొడుకు ఒకసారి వీడియో కాల్‌లో నా దూరపు చుట్టాన్ని చూపించాడు. మంచాలు, వంటగది ఉన్న ఇంటినే బండికి తగిలించుకొని ఊళ్లు తిరుగుతారట. దాని టైర్ల మీద 'ఎస్‌టీ' అని ఉంటుంది, అంటే ట్రైలర్ల కోసమే చేసినవి, పక్కలు గట్టివి. మెత్తటి పక్కల కారు టైర్లు వేస్తే ఇల్లు రోడ్డు మీద అటూ ఇటూ ఊగుతుంది. ఎస్‌టీ టైర్లకు చాలాకాలం గంటకు 65 మైళ్లే హద్దు. మాకూ హద్దు రాసే ఉంటుంది: ఏ6 అంటే 30 కిలోమీటర్లు, ఏ8 అంటే 40. నన్ను ఖాళీగా కట్టుకొని కర్నూలు–కడప హైవే మీద ఎగిరించుకుపోయే కుర్ర డ్రైవర్లు ఆ అక్షరాన్ని ఎప్పుడైనా చదివారా అని నా అనుమానం.

సరే, మా రైతు దారికొచ్చాడు. ప్రొద్దుటూరు అంగట్లో మొదట ట్రాక్టరు వెనక టైర్ల మాదిరి గుబ్బలున్నవి అడిగాడు. "నేలను పట్టి లాగేదానికి గుబ్బలు కావాల. వెనకాల దొర్లేదానికి ఎందుకన్నా? నిలువు గీతలది తీసుకో, తేలిగ్గా వస్తాది" అన్నాడు అంగడాయన. రేడియల్ మాట వచ్చింది. చల్లగా నడుస్తుంది, కానీ ధర ఎక్కువ, రాళ్ల దారిలో పక్కలు తెగే భయం. చివరికి నాలుగూ ఒకే రకం: 9.00-16, 16 పీఆర్, నైలాను. 16 పీఆర్ అంటే లోపల 16 పొరలున్నాయని కాదు. నూలు పొరల కాలంలో అన్ని పొరలకు ఉండే బలమని. ఇంతా కొని, పాత ట్యూబులే వేయమని బేరం పెట్టాడు మహానుభావుడు. సాగిన ట్యూబు కొత్త టైరులో మడతపడి తెగుతుందని అంగడాయన ససేమిరా అన్నాడు. ట్యూబులు, ఫ్లాపులు కూడా కొత్తవే వచ్చాయి.

నల్లరేగడి తడిసినప్పుడు మాత్రం ఏ టైరూ దిక్కు కాదు. రోడ్డుకు సరిపడా గాలి పట్టిన టైరు బురదలో దిగబడుతుంది, బురదకని గాలి తీస్తే రోడ్డు మీద కాగుతుంది. సగం లోడుతో రెండుసార్లు తిరగడమే మార్గం. కూలి ఖర్చని ఆయన గొణుగుతాడు, తిరుగుతాడు.

కొత్త టైర్లతో మొదటి లోడు పసుపు, కడప మార్కెట్ యార్డుకు. "కొంత దూరం పోయినాక బోల్టులు మళ్లీ బిగించు మామా" అని పంచరు అబ్బాయి చెప్పి పంపాడు. మైదుకూరులో టీకి ఆపినప్పుడు మా రైతు నమ్మకం లేకుండానే స్పానరు పట్టాడు. ముందు కుడి చక్రానికి రెండు బోల్టులు పావు చుట్టు తిరిగాయి.

"అబ్బీ, ఈ స్పానరు బండ్లోనే పెట్టు" అన్నాడు డ్రైవరుతో.