క్లోరిన్‌తో కాపురం

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ని. పీవీసీ బరువులో దాదాపు 57 శాతం క్లోరినేనని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అయినా పోయిన నెల మా వంటింటి గ్యాస్ పొయ్యి మీద పీవీసీ పైపు కాల్చాను. ఒప్పుకుంటున్నాను.

బాత్‌రూమ్ రిపేరులో మిగిలిన పైపు ముక్కలు, రిటైర్మెంటు రోజున కాలేజీ గేటుకు కట్టిన పన్నెండడుగుల ఫ్లెక్సీ. ఇవీ నా స్థిరాస్తులు. పాత సామాన్లు కొనే అబ్బాయి పైపుల్ని తూకానికి అడిగాడు గానీ, ఫ్లెక్సీని ముట్టుకోలేదు. పాలిస్టర్ గుడ్డకు పీవీసీ అతికించి చేసే సరుకది, రెంటినీ విడదీయడం చచ్చే పని. "మీ మొహం ఉందని వద్దన్నాడేమో" అంది మా ఆవిడ.

రోషం వచ్చింది. పైపులు కూడా అమ్మనన్నాను. వాటిని వంచి చెప్పుల స్టాండు చేస్తానన్నాను. నిజానికి పీవీసీ 80 డిగ్రీలకే మెత్తబడుతుంది. లోపల ఇసుక నింపి మరిగే నీళ్లలో ముంచితే చెప్పినట్టు వింటుంది. నీళ్లు మరిగేదాకా ఆగే ఓపిక నాకేదీ? నేరుగా మంట మీద పెట్టాను. పైపు నల్లబడింది, ఘాటైన పొగ లేచింది.

"కంగారుపడకు, హైడ్రోజన్ క్లోరైడ్ అంతే. తడి తగిలితేనే ఆమ్లం అవుతుంది" అన్నాను దగ్గుతూనే.

తడి మా ఆవిడ కళ్లలో ఉంది.

"ముందు పొయ్యి కట్టి కిటికీ తెరవండి, పాఠం తర్వాత!" అంది. డయాక్సిన్ల సంగతి ఆ పూటకి దాచాను.

ఇక ఫ్లెక్సీ. దాన్ని కోసి రెండు సంచులు కుట్టించాను. కత్తెర సరిగ్గా ముక్కు మీదుగా పోయింది. కళ్లు ఒక సంచికి, మీసాలు ఇంకో సంచికి వచ్చాయి. రైతుబజారులో వంకాయలు తూస్తున్న అమ్మాయి మీసాలనీ నన్నూ మార్చి మార్చి చూసి, "మీరేనా సార్?" అంది.

"మా అన్నయ్య" అన్నాను. నాకు అన్నలు లేరు.

మిగిలిన ముక్క మా వీధి ఇడ్లీ బండికి పైకప్పయింది. "వయోపరిమితి వల్ల" అన్న అక్షరాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. మొన్నటి వానకు చుక్క కారలేదట.

చెప్పులు మాత్రం ఇంకా గుమ్మం ముందే ఉన్నాయి.