టైన్ ఒడ్డున ‘ఆయ్’

ఇంగ్లండ్‌లో టైన్ నది ఒడ్డునున్న న్యూకాజిల్‌లో ఉద్యోగంలో చేరిన రోజు బస్సెక్కితే, మా మేనత్త వయసున్న డ్రైవరమ్మ టికెట్టిస్తూ నన్ను “పెట్” అంది. మా అమలాపురంలో పెట్ అంటే కుక్కపిల్ల. అది మన “నాన్నా”, “అమ్మా” లాంటి పిలుపని తెలిసేదాకా రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాను.

ఆఫీసులో పక్క సీటాయన “బెయిట్ తెచ్చుకున్నావా?” అన్నాడు. గాలానికి గుచ్చే ఎర అనుకుని, “చేపలు పట్టనండీ, తింటానంతే” అన్నాను. ఒకప్పుడు బొగ్గుగని కూలీలు గనిలోకి పట్టుకెళ్లిన చద్దిమూట అట అది!

ఇక్కడి మాటతీరుని జోర్డీ యాస అంటారు. ఐఈఎల్‌టీఎస్‌లో నాకొచ్చిన 8 బ్యాండ్లూ దీని ముందు చిత్తుకాగితాలు. అక్కరకొచ్చింది మాత్రం తెలుగు. చిన్నప్పుడు “మా ఆవిడ”ని “అవర్ వైఫ్” అని రాసి మాస్టారి చేత తొడపాశం తిన్నాను. ఇక్కడ ప్రతి మగాడూ పెళ్లాన్ని “వోర్ లాస్” అంటాడు. అంటే అక్షరాలా “మా పిల్ల”! ఫుట్‌బాల్ వీరుడు జాకీ మిల్బర్న్ కూడా ఊరందరికీ “వోర్ జాకీ”యే. ఆడవాళ్లనీ “మ్యాన్” అంటారు. మా పిన్ని మా అత్తతో “నాకొద్దు బాబూ” అనడం లేదూ?

జీతం పెంచమనడానికి నసుగుతుంటే ఆ పక్క సీటాయనే “షై బెయిర్న్స్ గెట్ నౌట్” అన్నాడు. సిగ్గుపడే పిల్లలకి ఏమీ దక్కదని. అడగందే అమ్మైనా పెట్టదుగా, వెళ్లి అడిగాను. సిగ్గు పోయింది. జీతం అలాగే ఉంది.

20 కిలోమీటర్లు వెళ్తే సండర్లాండ్. అక్కడివాళ్లని జోర్డీలన్నారో, అయిపోయారే! వాళ్లు మాకెమ్‌లు. “పద” అనడానికి ఇక్కడ “హౌవే”, అక్కడ “హావే”. ఆ దీర్ఘం మీద కొట్టుకు చస్తారు. గోదావరికి అటువాళ్లమా ఇటువాళ్లమా అని తగువులాడుకునే మనం నవ్వకూడదనుకోండి.

మొన్న వేసవిలో నాన్నొచ్చారు. ఇంగ్లీషు అంతంతమాత్రం. పెరటి కంచె దగ్గర పక్కింటి ముసలాయన ఏదో చెబుతుంటే ఈయన “ఆయ్” అంటున్నారు. ఆయన హుషారుగా “వై ఆయ్!” అంటున్నాడు. అవునన్నమాట. ఇద్దరూ అరగంట సేపు ఒకరినొకరు ఒప్పుకుంటూనే ఉన్నారు. నాన్న లోపలికొచ్చి, కాళ్లు కడుక్కుంటూ అడిగారు:

“పెద్దాయన్ది మన కోనసీమలో ఏ ఊరంట్రా?”