నిట్టూర్పుకు ఎన్ని పాయింట్లు?

పేకాట నియమాల్లో లెక్కకు వచ్చేవి కొన్ని, రానివి కొన్ని. పదమూడు ముక్కల రమ్మీలో మొదటి రకానికి ధర ముందే కట్టి ఉంటుంది. 101 పూల్ ఆటలో మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, లైఫ్ లేకుండా తొందరపడి షో కొడితే ఏకంగా 80. ముక్కలు పరిచాక వాదనకేమీ మిగలదు. కళ్ళున్న ప్రతివాడూ జడ్జీయే.

తగువంతా రెండో రకంతోనే. అనంతపురం పల్లెల్లో వేపచెట్టు కింది అరుగు మీద ఈ మర్యాదలు ఎవరూ రాసిపెట్టరు, అయినా అందరికీ తెలుసు. వేసిన ముక్క వెనక్కి తీయరాదు, పక్కవాడి చేతిలోకి తొంగిచూడరాదు, నాలుగు ఆటలు గెలవగానే ఇంట్లో పని గుర్తుకు రారాదు. ఇస్పేటు జాకీ కోసం కాచుకున్న మామ ముక్క ఎత్తుతాడు, తువ్వాలు దులుపుకుంటాడు, బీడీ ముట్టిస్తాడు, తలెత్తి ఆకాశం చూస్తాడు. "ముక్క వెయ్ మామా!" అంటే, "వాన వస్తాదేమో చూస్తాండా, ఉండప్పా" అంటాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కురిసే సీమలో మబ్బు కోసం చూడటం నేరమని ఏ పెద్దమనిషి తీర్పు చెప్పగలడు?

డూప్లికేట్ బ్రిడ్జి నియమావళిలో 74వది ఈ మామను చూసే రాశారా అనిపిస్తుంది. ఎదుటివాణ్ణి కలవరపెట్టాలని ఆట వేగం మార్చడం తప్పని అందులో ఉంది. ఆ 'కలవరపెట్టాలని' అన్న దగ్గరే పోటీ నడిపే డైరెక్టరు చేతులు కట్టేసినట్టవుతుంది. ఆలస్యాన్ని గడియారం పట్టిస్తుంది గానీ ఉద్దేశాన్ని పట్టించదు. అందుకే పెద్ద పోటీలు మర్యాద నేర్పడం మాని వడ్రంగి పని మొదలుపెట్టాయి. జోడీలు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా 1975లో బెర్ముడా బౌల్ అనే ప్రపంచ బ్రిడ్జి పోటీలో బల్లకు అడ్డంగా తెర కట్టారు. అదే పోటీలో ఒక ఇటలీ జోడీ బల్ల కింద కాళ్ళతో సైగలు చేసుకుంటోందని ఆరోపణ వచ్చింది. బల్ల కింద కూడా అడ్డు పెట్టక తప్పలేదు. నిట్టూర్పుకు అడ్డుపెట్టే చెక్క మాత్రం ఇంకా తయారు కాలేదు.

కోర్టుకు పోయినా దారి దొరకదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా తేల్చింది. పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి అంది. మూడు ముక్కలాటను మాత్రం అదృష్టం ఖాతాలో వేసింది. ఆనాటి నుంచి పేకాటరాయుళ్ళకు ఆ తీర్పు ఇంటావిడ ముందు చదివే దండకమైంది. ముక్క ఎత్తి మబ్బు చూడటం నైపుణ్యంలోకి వస్తుందో లేదో అందులో లేదు. ఇక పందెం బాకీ సంగతి చెప్పనక్కర్లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు, దాని మీద దావా నడవదు. "రేపిస్తాలే" అన్నవాడికి ఇంతకన్నా చుట్టం ఎవరు?

తాత్సారాన్ని నిజంగా అణచింది ఫోన్లోని రమ్మీ ఒక్కటే. ఇచ్చిన కొద్ది సెకన్లలో ముక్క వేయకపోతే వంతు పోయినట్టే. బీడీ, తువ్వాలు, మబ్బు, ఏ సాకూ దాని ముందు పనికిరాదు. అంతటి నిక్కచ్చి పెద్దమనిషిని డబ్బు పందేల పాపానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో నిషేధించింది. పందేలు కాపురాలు కూల్చిన మాట నిజమే కాబట్టి ఎవరూ పెద్దగా ఏడవలేదు.

ఇక మిగిలింది వెలి. "రేపటినించి ఆ మామను కూచోబెట్టొద్దు" అని అరుగు తీర్మానిస్తుంది. ఎండాకాలంలో ఈ శిక్ష బాగానే పనిచేస్తుంది. చేలో పని ఉండదు, ఒక్క చోటుకు నలుగురు కాచుకుని ఉంటారు. జూన్, జూలైలో నాలుగు చినుకులు పడి వేరుశనగ విత్తు మొదలైందంటే నీతిమంతులంతా గొర్రు వెనక పోతారు. అరుగు మీద ముగ్గురే మిగులుతారు. శిక్ష ఇంకా సగం కూడా గడవదు, మామ ఇంటికి మనిషి బయల్దేరతాడు.