వాష్ బేసిన్ కింద సంధి ప్రకరణం

పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరించేనాటికి మన ఇళ్లలో వాష్ బేసిన్లు లేవు. అందుకే అందులో అచ్చుల సంధి ఉంది గానీ గొట్టాల సంధి లేదు. ఆ కొరత తీర్చడమే ఈ శాస్త్రానికి ప్రయోజనం. విషయం: బేసిన్ నుంచి దిగే గొట్టానికీ గోడలోంచి తొంగిచూసే గొట్టానికీ కుదరని కొలతలు. అధికారి: చేత టార్చిలైటుతో బేసిన్ కింద తల దూర్చి, నడుము పట్టేసిన గృహస్థు. శాస్త్రం మొదట్లో చెప్పాల్సిన అనుబంధాల్లో నాలుగోదైన సంబంధం ప్రస్తుతానికి లేదు. అదే ఉంటే నీళ్లు కారేవి కావు.

ముందుగా సంజ్ఞలు. ఈ శాస్త్రంలో అంకె కొలత కాదు, పేరు. కొలతనుకున్నవాడు హార్డ్‌వేర్ షాపుకీ ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉంటాడు. బేసిన్‌కు వేలాడే ఇత్తడి వేస్ట్ కప్లింగు పేరు 32 ఎం.ఎం., షాపు వాడుకలో ఇంచుంపావు. దాని మర మీద స్కేలు పెడితే దాదాపు 42 వస్తుంది. పీవీసీలో 32 అడిగితే బయటి వ్యాసం నిజంగానే 32 ఉన్న గొట్టం ఇస్తారు. కానీ దాన్ని ఇంచు పైపంటారు. పోనీ పీవీసీలోనూ ఇంచుంపావే ఇమ్మంటే 40 వస్తుంది. అంటే 32కి 32 కుదరదు, ఇంచుంపావుకి ఇంచుంపావు కుదరదు. జాతకాలు కలిసినా పెళ్లి జరగని కేసు ఇది.

కారణం లేకపోలేదు. ఇనప గొట్టాలకు లోపలి రంధ్రాన్నిబట్టి పేరు పెట్టారు. ఆ తర్వాత గొట్టం మందం మారినా, మర కుదరాలి గనక బయటి కొలత కదల్లేదు, పేరూ కదల్లేదు. పీవీసీ వచ్చాక బయటి వ్యాసమే పేరైంది. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంగ్లిషు ఇంజనీరు 1841లో 55 డిగ్రీల కోణంతో మరలకు ఒక ఒరవడి ప్రతిపాదించాడు. మన కప్లింగు మీది మర ఆ వంశానిదే. 1956లో మన పార్లమెంటు చట్టం చేసి దేశాన్ని మెట్రిక్ కొలతల దారి పట్టించింది. ఆ సంగతి బేసిన్ కింది మరకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక సంధి. ఆగమం మిత్రుడిలా పక్కన చేరుతుందనీ, ఆదేశం శత్రువులా ఉన్నదాన్ని వెళ్లగొట్టి కూర్చుంటుందనీ వైయాకరణుల మాట. రబ్బరు వాషరు, బుష్, రెడ్యూసర్ ఆగమాలు. పూర్వగొట్టాన్నీ పరగొట్టాన్నీ నొప్పించకుండా మధ్యలో ఇముడుతాయి. "గోడ కొట్టి లోపలి పైపే మార్చేద్దాం సార్" అనడం ఆదేశం. పగిలిన టైల్సుకు జోడు మళ్లీ మార్కెట్లో దొరకదు కాబట్టి శత్రువన్న మాట అక్షరాలా నిజం. విప్పేటప్పుడున్న వాషరు బిగించేటప్పుడు కనబడకపోతే అది లోపం.

ప్లంబర్ల మతంలో మాత్రం సమస్తం బహుళమే. బహుళమంటే కార్యం ఒకచోట జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట జరిగినా జరగకపోయినా సరే, మరొకచోట ఇంకేదో జరుగుతుంది. తడి ఆరకుండా, వంగే గొట్టానికి ఎం-సీల్ ముద్ద అంటించడం గురించి ఇంతకన్నా సూక్ష్మంగా ఎవరూ చెప్పలేరు.

లోకంలో ఎక్కువగా కనిపించేది సంధి కాదు, విసంధి. తెల్లటి మడతల గొట్టాన్ని గోడలోని పెద్ద గొట్టంలోకి ఊరికే దూర్చి వదిలేస్తారు. చుట్టూ మిగిలిన ఖాళీలో పాత గుడ్డ కుక్కుతారు. గుడ్డ కనబడకుండా వాల్ ఫ్లాంజ్ అనే స్టీలు కంఠాభరణం తొడుగుతారు. విసంధిని ఆలంకారికులు కావ్యంలో దోషమన్నారు. బాత్‌రూములో అది ఆచారం. లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమ్మింగ్ 1775లోనే ఎస్ ఆకారపు వంపులో నీళ్లు నిలిపి వాసనను ఆపే ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ మన బాటిల్ ట్రాప్ చేసేదీ ఆ పనే. అయితే ట్రాపు దాటాక గోడ దగ్గర ఖాళీ ఉంటే, ట్రాపులో నిలిచిన నీళ్లతో వాసనకు పని లేదు. బొద్దింకకు అసలే లేదు.

ఇక్కడ పూర్వపక్షం: "చిన్నది పెద్దదాన్లో పడొచ్చు సరే, పెద్దది చిన్నదాన్లో పడితేనేం?" పడకూడదు. పారే దిక్కున గొట్టం పెరగొచ్చు, తగ్గకూడదు. తగ్గినచోట వెంట్రుకలూ సబ్బుజిడ్డూ కాపురం పెడతాయి. పైగా ఇది కుళాయి గొట్టం కాదు; వెనకనుంచి తోసే ఒత్తిడి లేదు, నీళ్లు జారుకుంటూ పోవాల్సిందే. గాలికీ చోటు కావాలి. గొట్టం నిండా పారితే పోతూ పోతూ ట్రాపులో నీళ్లను కూడా లాక్కుపోగలవు.

టెఫ్లాన్ టేపు మతాన్నీ ఇక్కడే పరామర్శించాలి. రాయ్ ప్లంకెట్‌కు 1938లో అనుకోకుండా దొరికిన ఆ పదార్థం, టేపుగా వచ్చాక, మరలకు చుట్టుకునేది. మర లేని గొట్టానికి ఎన్ని చుట్లు చుట్టినా అది వైద్యం కాదు, కట్టు. 42కీ 40కీ మధ్య తేడాను టేపుతో పూడ్చవచ్చనే వారున్నారు. వారిని ఖండించే పని నీళ్లే చూసుకుంటాయి.

ప్రమాణాల్లో ఇక్కడ ప్రత్యక్షమొక్కటే చెల్లుతుంది. విప్పిన ముక్కను సంచిలో వేసుకుని షాపుకి వెళ్లాలి. గోడను మోసుకెళ్లలేం కనక దానిలోని గొట్టం లోపలి వ్యాసం, బయటి వ్యాసం రెండూ కాగితం మీద రాసుకోవాలి. కౌంటరు దగ్గరి కుర్రాడు తలెత్తకుండానే "లోపలా, బయటా సార్?" అంటాడు. మేమింత పొడుగున రాసిన సంజ్ఞా ప్రకరణం అతనికి ఆ రెండు మాటల్లో వచ్చు.

చివరగా పరీక్షావిధి. కుళాయి సన్నగా వదిలి చూసి మురిసిపోకూడదు. బేసిన్‌కు బిరడా పెట్టి, నిండా పట్టి, ఒక్కసారిగా వదలాలి. కింద పొడి న్యూస్‌పేపరు పరచాలి. చుక్క పడితే మచ్చ తేలుతుంది. పేపరు మాత్రం నిన్నటిదై ఉండాలి. ఇవాళ్టిది పరిచిన గృహస్థుకు గొట్టం కారకపోయినా ఇంట్లో మాట పడుతుంది.