మా ఊళ్లో సమస్యల్లేవు

మా పట్టణంలో సమస్యలన్నీ తీరిపోయాయి. మురుగుకాలువ పొంగడం లేదు, వీధిదీపం ఆరడం లేదు, కుక్కలు ఎవరినీ కరవడం లేదు. నమ్మకం లేకపోతే ఈ నెల పేపర్లన్నీ తిరగేసుకోండి, ఒక్క ముక్క కనిపిస్తే నన్నడగండి. జిల్లా టాబ్లాయిడ్ విడిగా వచ్చే రోజుల్లో మాకెన్ని కష్టాలుండేవో! 2020 లాక్‌డౌన్‌లో చాలా పత్రికల టాబ్లాయిడ్లు మెయిన్ పేపర్లో కలిసిపోయి చిక్కిపోయాక, కష్టాలు కూడా మర్యాదగా ఆ మేరకు తగ్గాయి. మిగిలిన చోటు మంత్రిగారి పర్యటనకూ, ఎమ్మెల్యేగారి పరామర్శకూ సరిగ్గా సరిపోతోంది.

అసలీ పీడ తెచ్చిపెట్టింది ఈనాడు. 1974లో విశాఖలో పుట్టిన ఆ పత్రిక 1989లో జిల్లాకో టాబ్లాయిడ్ మొదలుపెట్టింది. మిగతావాళ్లూ అదే దారి పట్టారు. మండలానికో విలేకరి మొలిచాడు. అప్పటిదాకా హాయిగా కునుకు తీస్తున్న ఆఫీసుల్లో ‘పేపరోళ్లొచ్చారు’ అంటే ఫైలు కదలడం మొదలైంది. నెల్లూరు వాళ్లకైతే అంతకుముందు నుంచే ఈ జబ్బుంది. జమీందారీ రైతుల గోడు చెప్పడానికి పుట్టిన ‘జమీన్ రైతు’ వాళ్ల వారపత్రికే. 1992లో ఆ జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఒక ఊరి గొడవ ఆ ఊళ్లోనే చల్లారాల్సింది. పేపర్లు ఊరుకున్నాయా? ఈ ఊరి సంగతి ఆ ఊరికి మోశాయి. మరుసటేడు రాష్ట్రమంతా సారా నిషేధం! ఆనాడే వాట్సాప్ ఉండి ఉంటే ఆ వార్తకు నాలుగు దండాల బొమ్మలు, ఒక గుడ్ మార్నింగ్ గులాబీ వచ్చి, సారా కాంట్రాక్టర్లు బతికిపోయేవారు.

ఇప్పుడు ఆ బెంగ లేదు. మున్సిపల్ కౌన్సిల్‌లో చాంతాడంత అజెండా టీ చల్లారేలోపే ఏకగ్రీవం. చివర్లో టేబుల్ అజెండా అని మరో నాలుగు కాగితాలు వస్తాయి. అసలు సరుకంతా వాటిలోనే ఉంటుంది. అవి చదివే తీరిక విలేకరికి లేదు. ఆయనకు జీతం నామమాత్రం, రాసిన లైన్ల లెక్కన ఇచ్చే లైన్ అకౌంట్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, యాడ్ టార్గెట్ మాత్రం నెల తిరక్కుండా వస్తుంది. పంద్రాగస్టు, జనవరి 26, ఉగాది, నాయకుడి పుట్టినరోజు. పొద్దున కమిషనర్‌ని డ్రైనేజీ బిల్లుల గురించి నిలదీసి, సాయంత్రం కాంట్రాక్టర్ దగ్గర పావు పేజీ శుభాకాంక్షలు అడగాలంటే ఏ మనిషికైనా నోరెలా వస్తుంది? అందుకని తెలివైనవాళ్లు పొద్దుటి పని మానేశారు.

పాత విలేకర్లంతా సత్యహరిశ్చంద్రులని నేననడం లేదు. రాయకుండా ఉండడానికి పుచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. కాకపోతే పుచ్చుకోవాలన్నా ముందు విషయం తెలుసుకోవాలి కదా. ఇప్పుడా పాటి శ్రమ కూడా లేదు.

మరి వార్తలెలా అంటారా? వార్డు గ్రూపుంది. అడ్మిన్ కాంట్రాక్టర్ గారి బావమరిది. కుళాయిలో ఎర్రనీళ్లొస్తున్నాయని ఎవరో ఫొటో పెడితే, గంటలో గ్రూపు ‘ఓన్లీ అడ్మిన్స్’ అయింది. నీళ్ల రంగు మారలేదు గానీ గ్రూపు మాత్రం శుభ్రపడింది. ప్రెస్‌మీట్లో యూట్యూబ్ లోగోలు తగిలించుకున్న మైకుల వెనక నాయకుడి మొహం కూడా కనిపించడం లేదు. ఇన్ని మైకుల్లో ఒక్కదానికైనా ‘ఈ రోడ్డు పోయినేడే వేశారు కదండీ, మళ్లీ టెండరెందుకు?’ అని అడిగే మనిషి తోడుంటే బాగుండేది. ఢిల్లీ టీవీ స్టూడియోలో ఎంత అరిచినా మా మూడో వార్డు కల్వర్టు గురించి అరవరు.

పాఠకులకు నాదో మనవి. ఈసారి పండక్కి మీ ఊరి విలేకరి యాడ్ కోసం వస్తే, యాడ్ ఇవ్వకండి. ఏడాది చందా కట్టి, పోయిన నెల కౌన్సిల్‌లో టేబుల్ అజెండా కింద ఏం పాస్ చేశారో రాయమని అడగండి. రాయకపోతే వాళ్ల ఎడిటర్‌కి ఉత్తరం రాయండి.