దింపుడు కళ్లం ఆసు

లాస్ వేగాస్ పోకర్ టోర్నమెంట్లలో ఒక జాతి తపస్వులు ఉంటారు. ముందున్న చిప్పులు పలచబడేకొద్దీ వీళ్లకు వైరాగ్యం చిక్కబడుతుంది. పంచిన రెండు ముక్కల మూల ఎత్తి చూడటం, నిట్టూర్చడం, అవతల పడేయడం. ఇదేంటయ్యా అంటే, "మంచి ముక్క కోసం ఆగా" అంటారు. దాని పేరు వ్యూహమట.

లెక్క చూద్దాం. ముక్కలు చూడకముందే వంతులవారీగా కట్టి తీరాల్సిన పందేలివి: చిన్న బ్లైండు 500, పెద్దది 1,000, పెద్ద బ్లైండువాడే కట్టే యాంటీ ఇంకో 1,000. తొమ్మిదిమంది బల్ల. మన తపస్వి దగ్గర 10,000 ఉంది. ఒక రౌండు, అంటే తొమ్మిది పంపకాలు, తిరిగేసరికి, ఒక్క ఆటా ఆడకుండానే, 2,500 హారతి కర్పూరం. మన రమ్మీలో డ్రాప్ కొడితే 20 పాయింట్లని ఎవడో కాగితం మీద రాస్తాడు కాబట్టి నొప్పి తెలుస్తుంది. ఇక్కడ రాసేవాడు లేడు, కాబట్టి కూర్చోవడం ఉచితమనుకుంటాడు పాపం. ఇక ఆయన కలగనే ఆసుల జంట సగటున 221 పంపకాలకు ఒకసారి వస్తుంది. అంటే 24 రౌండ్లు దాటాలి. చేతిలో ఉన్నది నాలుగు రౌండ్ల అద్దె. ఈలోగా బ్లైండ్లు పెరిగితే అదీ లేదు.

మూడు రౌండ్లు కరిగి 2,500 మిగిలాక రాజుల జంట వచ్చిందనుకోండి. ధీరుడిలా అంతా ముందుకు తోస్తాడు. భయపడేదెవరు? పెద్ద బ్లైండువాడు ముక్కలు చూసుకోకుండానే సై అంటాడు. గెలిచినా పాత 10,000 చేరడు. అదే 10,000 ఉన్న రోజు తోసి, అందరూ జడిసి తప్పుకుంటే, ముక్క చూపించకుండానే 2,500 వచ్చేది. కోరలున్నప్పుడు పడుకుని, ఊడాక బుస కొట్టడం ఏం ఓపిక?

ఓపికకు పెట్టింది పేరైన డాన్ హారింగ్టన్, 1995 పోకర్ వరల్డ్ సిరీస్ విజేత, తన పుస్తకంలో చిప్పుల్ని రౌండు ఖర్చుతో భాగించమన్నాడు. 5 కన్నా తక్కువొస్తే ఎర్ర మండలం: అంతా తోయడమో, పడేయడమో. మన తపస్వికి వచ్చేది 4. ఆ పుస్తకం ఆయన సంచిలోనే ఉంటుంది, దిండుగా.

ఒక్క మినహాయింపు ఒప్పుకుంటాను. ఇంకొక్కడు పోతే బహుమతులు మొదలు, మనకన్నా బక్కచిక్కినవాడు పక్క బల్లమీద ఉన్నాడు. అప్పుడు మంచి ముక్కయినా వదులుకోవచ్చు. మనవాడు మాత్రం ఆ గుమ్మానికి వందమంది దూరాన ఉండగానే కళ్లు మూస్తాడు.

గట్టిగా అడిగితే జాక్ స్ట్రాస్ పురాణం విప్పుతారు. 1982 వరల్డ్ సిరీస్‌లో ఒకే ఒక్క 500 చిప్పుతో మిగిలి, 104 మందిలో గెలిచి, 5,20,000 డాలర్లు పట్టుకెళ్లినవాడు. "చిప్పూ కుర్చీ ఉంటే చాలు" అని అప్పటినుంచీ మంత్రం. నిజమే, గెలిచాడు. కానీ ఈసారి మీ ముందు ఎవరైనా ఆ కథ ఎత్తితే, ఆ ఒక్క చిప్పు ఎలా మిగిలిందో అడగండి. ఉన్నదంతా ముందుకు తోసేసి ఓడిపోయాక, నాప్‌కిన్ కింద నక్కి ఆయన కంటపడకుండా పోయిందది.