గడియారం లేని చార్మినార్

నేను పాత అచ్చు బొమ్మను, చార్మినార్ బొమ్మను. ఇప్పుడు కోడుమూరులో ఒక మట్టిమిద్దె ఇంట్లో బుడ్డల మూటల వెనక, గోడకు మొహం తిప్పి నిలబడి ఉన్నాను.

నా పుట్టుక రెండు ముక్కల్లో చెబుతాను. గట్టి కొయ్య మీద బొమ్మను కుడిఎడమలు తిరగేసి చెక్కి, సిరా పూసి కాగితం మీద నొక్కారు. అంత వెడల్పు కొయ్య దొరకదు కాబట్టి చిన్న ముక్కలు కలిపి బిగించారు. ఆ అతుకు నా ఆకాశంలో సన్నటి తెల్లగీతై ఉండిపోయింది. తర్వాత ఒక పుస్తకంలో పేజీనయ్యాను. ఏ వ్యాపారో చింపి విడిగా అమ్మాడు.

నా గర్వమంతా నా వీధే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన కమానుల కింద నా ఏనుగు నడుస్తోంది, ఎడ్లబండి నడుస్తోంది, జనం తోసుకుంటున్నారు.

నన్ను కొన్నది ఈ ఇంటి పెద్దాయన. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు గుడారంలో ఫైళ్లు రాసిన గుమాస్తా. 1956లో రాజధాని హైదరాబాదుకు పోతే ఆయనా మూటాముల్లె కట్టుకున్నాడు. అక్కడ పాత సామాన్ల కొట్లో నన్ను చూసి జీతంలో మిగిల్చి కొన్నాడు. ఉద్యోగం ముగిశాక ఊరికి తెచ్చి నడవాలో తగిలించాడు. వచ్చినవాళ్లకు చూపిస్తూ, "మన రాజధానిని ఎత్తుకపోయిన ఊరు ఇదేనప్పా" అని నవ్వేవాడు.

ఆయన పోయాక మనవడి చూపు నా మీద పడింది. "గడియారం యాడుంది? చార్మినార్‌కు ఉంటాది గదా! ఇది దొంగ బొమ్మ. జేజినాయన్ను ఎవడో మోసం చేసినాడు" అన్నాడు. మేకుతో సహా పీకేశాడు.

ఓరి నాయనా, ఆ గడియారాలు పెట్టిందే 1889లో! నేను అంతకు ముందరి వీధిని. గడియారం లేకపోవడమే నా వయసుకు సాక్ష్యం. పెద్దాయనకు తెలుసు, నాకు తెలుసు. ఆయన లేడు, నాకు నోరు లేదు.

అప్పటినుంచి మిద్దె ఉరిసినప్పుడల్లా తడుస్తున్నాను. వెనక అంటించిన చవక అట్ట నన్ను గోధుమరంగుకు తిప్పుతోంది. చిరిగిన చోట వేసిన టేపు జిగురు నా బజారులోకి ఇంకింది. పురుగు ఏనుగు కాలొకటి తినేసింది.

మొన్న మనవడు ఫోనులో పాత బొమ్మల ధరలు చూసి మూటలు జరిపాడు. సంతోషించాను. "పైన ఒక గడియారం గీయిస్తే అసలుదనుకొని కొంటారేమో" అంటున్నాడు. గీయిస్తే నా వయసుతోబాటు వాడి డబ్బూ పోతుందని చెప్పేవాళ్లు ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?